నెల్లూరు, ప్రకాశం నుంచి పారా డ్రెస్సాజ్‌కి: మొదటి రోజు నుంచి మొదటి మార్కుల షీటు దాకా

"మా పాపకి సెరిబ్రల్ పాల్సీ. గుర్రమంటే ప్రాణం. పోటీల దాకా వెళ్లగలదా?" "యాక్సిడెంట్‌లో మోకాలి కింద కాలు తీసేశారు. ఇంటర్ చదువుతున్నా. పారా డ్రెస్సాజ్ ఎక్కడ నేర్పుతారు?" కావలి నుంచి, ఒంగోలు నుంచి, కనిగిరి వైపు నుంచి ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. జవాబంతా ఒక్కచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను. పోటీకి దిగాలనుకునే పిల్లల కోసం, వాళ్లని వెంటబెట్టుకుని తిరగాల్సిన అమ్మానాన్నల కోసం కూడా.

డ్రెస్సాజ్ అంటే గుర్రపు స్వారీలో ఒక పోటీ, వికలాంగుల కోసం పెట్టినది పారా డ్రెస్సాజ్. ఇందులో పరుగు పందెం ఉండదు, అడ్డాలు దూకడం ఉండదు. కొలత ప్రకారం గీసిన మైదానంలో, ముందే ఇచ్చిన వరుసలో గుర్రాన్ని నడిపించాలి, తిప్పాలి, ఆపాలి. ఒక్కో కదలికకి జడ్జి 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు, అర మార్కులు కూడా వేస్తారు. పారాలింపిక్స్‌లో ఉన్న గుర్రపు స్వారీ ఆట ఇదొక్కటే. 1996 అట్లాంటా నుంచి ప్రతిసారీ ఉంది. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే పోటీ పడతారు.

వైకల్యం తీవ్రతను బట్టి ఐదు గ్రేడ్లు ఉంటాయి. గ్రేడ్ 1 అన్నిటికన్నా తీవ్రమైనది. అందులో టెస్టు మొత్తం నడకే. 2, 3 గ్రేడ్లలో నడకతో పాటు ట్రాట్ (నడక కన్నా వేగమైన అడుగు) ఉంటుంది. 4, 5లో కాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన దౌడు) కూడా కలుస్తుంది, 5లో గుర్రాన్ని పక్కకి అడుగులు వేయించడం లాంటి కష్టమైన కదలికలు ఉంటాయి. అంటే గుర్రాన్ని ఒక్కసారి కూడా పరిగెత్తించకుండా పారాలింపిక్ పతకం గెలవచ్చు. "ఎంత స్పీడుగా పోవాలి?" అనే ప్రశ్నని ఇక్కడే వదిలేయండి.

ఇంట్లో పెద్దవాళ్లకి నమ్మకం కుదరకపోతే రెండు పేర్లు చెప్పండి. డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్‌కి పోలియో వచ్చి మోకాళ్ల కింద కాళ్లు పనిచేయలేదు. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరు పట్టుకోవాల్సిందే. ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మామూలు రైడర్లతో పోటీపడి డ్రెస్సాజ్‌లో రజతం గెలిచింది. సింగపూర్‌కి చెందిన లారెన్షియా టాన్‌కి సెరిబ్రల్ పాల్సీ ఉంది, చెవులు కూడా వినిపించవు. 2008లో ఆమె గెలిచిన కాంస్యమే సింగపూర్‌కి మొట్టమొదటి పారాలింపిక్ పతకం.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మన ప్రాంతంలో కూర్చుని ఈ ఆట పూర్తిగా నేర్చుకోవడం కుదరదు. గుర్రం మీద పనికి చెన్నైకో, బెంగళూరుకో, హైదరాబాద్‌కో వెళ్లాల్సిందే. నెల్లూరు వాళ్లకి చెన్నై దగ్గర, రైల్లో మూడు గంటల ప్రయాణం. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకి ఏ దిక్కైనా దూరమే. అయితే మొదటి ఏడాది పనిలో సగానికి పైగా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ సగం చేయకుండా వెళ్లినవాళ్లు మొదటి నెలల ఫీజంతా బ్యాలెన్స్ నేర్చుకోవడానికే కట్టేస్తారు.

కావలసినవి

- సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు).
- జబ్బు పేరు స్పష్టంగా రాసిన వైద్య రికార్డులు: ఎక్స్‌రేలు, ఎమ్మారై, ఆపరేషన్ వివరాలు, వాడుతున్న మందుల జాబితా.
- గుర్రపు స్వారీ కోసమే తయారుచేసిన హెల్మెట్. బైక్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్ పనికిరావు.
- అడుగు నున్నగా ఉండి, చిన్న మడమ ఉన్న బూట్లు. స్పోర్ట్స్ షూ వేసుకుంటే పాదం రికాబులోకి (జీనుకి వేలాడే, పాదం పెట్టే కడియం) జారి ఇరుక్కుంటుంది.
- లోపలి వైపు లావు కుట్లు లేని, సాగే ప్యాంటు. జీన్స్ వద్దు.
- పెద్ద ఎక్సర్‌సైజ్ బాల్, గట్టి చెక్క బల్ల, ముగ్గుపిండి, మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేలాడదీసే గుండుదారం, వీడియో తీయడానికి ఒక ఫోను.
- ప్రతిసారీ వెంట రాగలిగే మనుషులు ఇద్దరు.

కొనకూడనివి కూడా రాసుకోండి. గుర్రం కొనకండి. జీను కొనకండి. చాలామంది ఉత్సాహం కొద్దీ ముందు గుర్రాన్ని తెచ్చి పెరట్లో కట్టేస్తారు. దాన్ని శిక్షణలో పెట్టే మనిషి ఉండడు, గుర్రాల వైద్యం తెలిసిన డాక్టర్ దగ్గర్లో దొరకడు, ఏడాదిలోపే అమ్మేస్తారు. మీ గ్రేడ్ తెలిసి, శరీరం గుర్రానికి అలవాటు పడే వరకు స్కూలు గుర్రం చాలు. ఆ తర్వాత కూడా ముందు లీజుకి తీసుకోవడం గురించి ఆలోచించండి.

1. డాక్టర్‌ని సూటిగా అడగండి

"గుర్రం ఎక్కొచ్చా?" అని అడిగితే భయపడి వద్దనే అంటారు, లేదా నవ్వేసి సరే అంటారు. ఆ రెండు జవాబులూ పనికిరావు. ఇలా అడగండి: తుంటి కీలు తన స్థానంలోనే ఉందా? (సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో అది పక్కకి జరిగే అవకాశం ఉంది, ఎక్స్‌రే తీయించండి.) వెన్ను వంకర ఎంత ఉంది? వెన్నులో రాడ్లు వేసి ఉంటే కుదుపు తట్టుకుంటుందా? ఫిట్స్ పూర్తిగా అదుపులో ఉన్నాయా? ఎముకలు పెళుసుగా ఉన్నాయా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా?

హెచ్చరిక: ఫిట్స్ అదుపులో లేకపోయినా, తుంటి జారి ఉన్నా, ఒంటి మీద మానని పుండు ఉన్నా ఇప్పుడే మొదలుపెట్టకండి. ముందు ఆ సంగతి చూసుకోండి. టెటనస్ ఇంజెక్షన్ తప్పనిసరి. గుర్రపుశాల మట్టిలో, పేడలో ఆ క్రిములు ఉంటాయి.

2. కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకోండి

సదరం లేకపోతే మీ సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకోండి. యూడీఐడీ ఉంటే రైల్వే రాయితీ కార్డుకి, ఆర్టీసీ పాసుకి పని తేలికవుతుంది. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వికలాంగులకి రైల్లో స్లీపర్ క్లాసు చార్జీలో 75 శాతం రాయితీ ఉంది, వెంట వచ్చే ఒకరికి కూడా అంతే. నెలకి నాలుగుసార్లు చెన్నై వెళ్లి రావాల్సిన ఇంటికి ఇది చిన్న విషయమేమీ కాదు.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. సదరంలో వేసిన శాతానికీ, పారా డ్రెస్సాజ్ గ్రేడ్‌కీ సంబంధం లేదు. "మాది 80 శాతం కాబట్టి గ్రేడ్ 1 వస్తుంది" అనుకోకండి. గ్రేడ్ ఇచ్చే పద్ధతి వేరు, అది 10వ మెట్టులో ఉంది.

3. ఈ ఆటకి మీరు అర్హులో కాదో చూసుకోండి

కండరాల బలహీనత, కీళ్లు పూర్తిగా కదలకపోవడం, చేయి గానీ కాలు గానీ లేకపోవడం, కాళ్ల పొడవులో తేడా, పొట్టితనం, కండరాల బిగుతు, అదుపు తప్పే కదలికలు, చూపు లోపం: వీటికి అవకాశం ఉంది. అయితే ప్రతిదానికీ కనీస తీవ్రత ఉంటుంది. కేవలం వినికిడి లోపం ఉన్నవారికి, కేవలం మేధో వైకల్యం ఉన్నవారికి ఈ ఆటలో గ్రేడ్ లేదు. వాళ్లు గుర్రపు స్వారీ చేయకూడదని దీనర్థం కాదు, వాళ్ల పోటీలు వేరే ఉంటాయి.

4. ఇంట్లో కూర్చోవడం నేర్చుకోండి

సరదా లేని మెట్టు ఇది. అందుకే దీన్ని అందరూ ఎగ్గొడతారు.

గట్టి బల్ల మీద, వెనక ఆనుకోకుండా కూర్చోండి. రెండు అరచేతులూ పిరుదుల కింద పెట్టుకోండి. రెండు వైపులా గుండ్రటి ఎముకలు చేతికి తగులుతాయి. రెంటి మీదా బరువు సమానంగా పడుతోందా? మనలో చాలామంది ఒక పక్కకే కూర్చుంటారు. ఒక కాలు బలహీనంగా ఉన్నవాళ్లయితే మరీ. గుర్రం ఆ బరువుని వెంటనే పసిగట్టి అటు వైపే తిరుగుతుంది. తిన్నగా నడిపించాల్సిన చోట మార్కులు అక్కడే పోతాయి.

తర్వాత గుండుదారం. పై దూలానికి కట్టి మీ వెనక వేలాడదీయమనండి. వెనక నుంచి వీడియో తీయించండి. దారం మెడ మధ్య నుంచి నడుము మధ్యకి రావాలి. వంకర వస్తే భుజాన్ని లాగి సరిచేయకండి, కింద కటి నుంచి సరిచేయండి. తక్కువ వైపు మడతపెట్టిన తువ్వాలు పెట్టి చూడండి. వెన్ను నిజంగానే వంకరున్న పిల్లలకి దారం ఎప్పటికీ మధ్యకి రాదు. వాళ్లు చూసుకోవాల్సింది ఈ వారం వీడియోకీ పోయిన వారం వీడియోకీ తేడా ఉందా లేదా అన్నదే.

ఎక్సర్‌సైజ్ బాల్ మీద కూర్చునేటప్పుడు ముందొకరు, వెనకొకరు ఉండాలి. నడుముని ముందుకీ వెనక్కీ, తర్వాత పక్కలకీ ఊపండి. గుర్రం నడకలో మన కటి కదిలేది అలాగే. నోటితో తాళం వేయండి. గుర్రం నడక నాలుగు దెబ్బలు: త, క, ధి, మి. ట్రాట్ రెండు: త, క. కాంటర్ మూడు: త, కి, ట. ఈ మూడూ నిద్రలో అడిగినా చెప్పేలా ఉండాలి. గుర్రం నడక చెడిందో లేదో రేపు చెవితోనే పట్టుకోవాలి కదా.

రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు చేసి వారమంతా మానేస్తే ఒళ్లు నొప్పులు తప్ప ఏమీ రాదు.

5. ముగ్గుపిండితో అరీనా గీయండి

1, 2, 3 గ్రేడ్ల అరీనా (పోటీ జరిగే మైదానం) 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. 4, 5 గ్రేడ్లది 20 బై 60. మిద్దె మీదో, ఇంటి ముందో 4 మీటర్లు, 8 మీటర్లు కొలిచి ముగ్గుతో గీయండి. ఇది చిన్న అరీనాకి ఐదో వంతు. చుట్టూ ఇంగ్లిష్ అక్షరాలు పెట్టాలి. పొట్టి వైపు మధ్యలో ఎ, మీరు లోపలికి వచ్చేది అక్కడి నుంచే. ఎదురుగా పొట్టి వైపు మధ్యలో సి, ముఖ్య జడ్జి కూర్చునేది అక్కడ. ఎ దగ్గర సి వైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపు కె, ఇ, హెచ్. కుడి చేతి వైపు ఎఫ్, బి, ఎం. ఇ, బి రెండూ పొడవు వైపు సరిగ్గా మధ్యలో వస్తాయి. మిగతా నాలుగూ మూలల నుంచి 6 మీటర్ల దూరంలో, అంటే మీ ముగ్గులో 1 మీటరు 20 సెంటీమీటర్ల దగ్గర. అరీనా నడిబొడ్డున ఎక్స్.

ఈ వరుస గుర్తుండటం లేదని అందరూ అంటారు. మన ఊళ్లు పెట్టుకోండి: ఆత్మకూరు, కావలి, ఈతముక్కల, హనుమంతునిపాడు, చీమకుర్తి, మార్కాపురం, బుచ్చిరెడ్డిపాలెం, ఫతేఖాన్‌పేట. ఎ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్. ఈ ఊళ్లు ఏ రోడ్డు మీదా ఇదే వరుసలో తగలవు గానీ మీ అరీనాలో తగులుతాయి.

ఇక వీల్‌చైర్‌లో తిరగండి, కర్రలతో నడవండి, అదీ కుదరకపోతే వేలితో కాగితం మీద తిప్పండి. అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్ఈఐ వెబ్‌సైట్‌లో అన్ని గ్రేడ్ల టెస్టులూ ఉచితంగా దొరుకుతాయి. మీకు గ్రేడ్ ఇంకా రాలేదు కాబట్టి గ్రేడ్ 1లో తేలికైన టెస్టుతో మొదలుపెట్టండి. ఎ నుంచి లోపలికి రావడం దగ్గర నుంచి చివర ఆగి నమస్కారం చేయడం వరకు ప్రతి మలుపూ వేయండి.

సరిచూసుకోవడం: వృత్తం తిరిగాక ముగ్గు మీద చక్రాల గుర్తులు చూడండి. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే వృత్తం కాదు. చూపు లోపం ఉన్నవాళ్లు ఇంకొకరిని అక్షరాల దగ్గర నిలబెట్టి పేరు పిలిపించుకోండి. పోటీల్లో కూడా వాళ్లకి అలా పిలిచేవాళ్లని అనుమతిస్తారు.

6. స్కూలు ఎంచుకోండి

ఫోన్లో ఫీజు అడిగే ముందు ఇవి అడగండి. వికలాంగులకి ఇంతకుముందు నేర్పారా? వీల్‌చైర్ నుంచి ఎక్కడానికి ర్యాంపు ఉందా? గుర్రం పగ్గం పట్టుకునేవాళ్లు, రెండు పక్కలా నడిచేవాళ్లు ఉంటారా, వాళ్లకి విడిగా డబ్బు కట్టాలా? డ్రెస్సాజ్ నేర్పే కోచ్ ఉన్నారా, అడ్డాలు దూకే పోటీలకే నేర్పుతారా? గుర్రంతో చేసే థెరపీకీ, పోటీ శిక్షణకీ తేడా ఉంది. థెరపీతో మొదలుపెట్టడం మంచిదే, చాలామందికి దారి అదే. అయితే ఆరు నెలలు గడిచినా మీ చేతికి పగ్గాలు ఇవ్వకపోతే ఎందుకో అడగండి.

వెళ్లి ఒక క్లాసు చూడండి. గుర్రాల డొక్కలు కనిపిస్తున్నాయా, నోటి చివర పుళ్లు ఉన్నాయా, గుర్రాన్ని చూసుకునే సయీసు దగ్గరికి వస్తే గుర్రం చెవులు వెనక్కి పెడుతోందా చూడండి. గుర్రాలని సరిగా చూసుకోని చోట పిల్లల్నీ సరిగా చూసుకోరు.

పెళ్లి గుర్రాల సంగతి. నెల్లూరులో, ఒంగోలులో ఊరేగింపు గుర్రాలు దొరుకుతాయి కదా, వాటి మీద నేర్చుకోకూడదా అని అడుగుతారు. వద్దు. వాటికి ముందు కాళ్లు ఎగరేయడం, డప్పుకి ఆడటం నేర్పుతారు. మొరటు కళ్లెం వేస్తారు. మీరు బ్యాలెన్స్ కోసం పగ్గం కాస్త లాగినా దాని నోరు నొప్పి పుడుతుంది, వెంటనే పైకి లేస్తుంది. బీచ్‌లో డబ్బులు తీసుకుని తిప్పే గుర్రాలకీ ఇదే మాట. భయం పోగొట్టుకోవడానికి దగ్గర నిలబడి మెడ నిమరడం, ఒళ్లు తోమడం వరకైతే పర్వాలేదు.

7. ఎక్కడం, దిగడం ముందు నేర్చుకోండి

స్వారీలోనే కాదు, ఇక్కడ కూడా ప్రమాదాలు జరుగుతాయి. ర్యాంపు మీదకి వీల్‌చైర్ వెళ్లాక గుర్రాన్ని ర్యాంపుకి ఆనించి నిలబెట్టాలి, సందు ఉండకూడదు. ఒకరు గుర్రం తల దగ్గర, ఒకరు అవతలి పక్క, ఒకరు మీతో. జీను మీద మెల్లగా కూర్చోవాలి. ధబీమని పడితే గుర్రం వీపు బిగుసుకుంటుంది, ఆ రోజంతా అదే బిగుతుతో నడుస్తుంది.

అమ్మానాన్నలకి: పిల్లల్ని చంకల కింద పట్టుకుని ఎత్తకండి. భుజం కీలు జారుతుంది. తుంటి, తొడల కింద పట్టుకోండి, కోచ్ చెప్పిన లెక్కకి అందరూ ఒకేసారి ఎత్తండి.

ఇది పెద్ద అక్షరాలతో రాసుకోండి: రైడర్‌ని జీనుకి చున్నీతోనో, తాడుతోనో, బెల్టుతోనో ఎప్పుడూ కట్టకండి. పడిపోకుండా అని మనవాళ్లు మంచి మనసుతోనే కడతారు. గుర్రం పడితే మనిషి దాని కిందే ఉండిపోతాడు. పోటీల్లో వాడే పట్టీలు కూడా బరువు పడగానే ఊడిపోయే వెల్క్రోవే ఉండాలి.

అత్యవసరంగా దించడం ప్రతి నెలా ఒకసారి ప్రాక్టీసు చేయండి. పక్కన నడిచేవాళ్లు కొత్తవాళ్లయితే ఆ రోజే చేయండి.

8. నడక మీద పని చేయండి

గుర్రం ఎత్తు, అందం చూసి ఎంచుకోకండి. మీకు కావాల్సింది ప్రశాంతంగా ఉండి, నడక బాగున్న గుర్రం. తొడలు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి వెడల్పు వీపు గుర్రం నొప్పి పెడుతుంది, సన్నటి గుర్రం అడగండి. నడుము నిలవని వాళ్లకి కాస్త వెడల్పు వీపే ఆసరా. ఒక కాలు మాత్రమే పనిచేసే వాళ్లకి, రెండో పక్క విప్ (చిన్న కొరడా) తాకిస్తే అది కాలి సైగ అని అర్థం చేసుకునే గుర్రం కావాలి.

నడక సరిగా ఉందో లేదో చూడటం: పక్క నుంచి స్లో మోషన్‌లో వీడియో తీయండి. నాలుగు గిట్టలూ విడివిడిగా, సమాన విరామంతో నేలకి తగలాలి. తకధిమి వినపడాలి. ఒకే పక్క ముందు కాలు, వెనక కాలు దాదాపు కలిసి పడుతుంటే నడక చెడిపోయిందని అర్థం. ఎక్కువసార్లు దానికి కారణం రైడర్ చేతులు బిగపట్టడం. పగ్గాలు కొంచెం వదిలి, కటిని వదులు చేసి, మళ్లీ వీడియో తీయండి. నడకే టెస్టయిన గ్రేడ్ 1లో ఈ ఒక్క లోపం అడుగడుగునా మార్కులు తినేస్తుంది.

ఆగడం కూడా ఇప్పుడే నేర్చుకోండి. నాలుగు కాళ్లూ చతురస్రంగా, కదలకుండా. నమస్కారానికి చేయి వదల్లేని వాళ్లు తల వంచితే చాలు.

ఒంట్లో స్పర్శ లేని వాళ్లు దిగిన ప్రతిసారీ పిరుదులు, తొడల లోపలి వైపు అద్దంలో చూసుకోండి, లేదా అమ్మని చూడమనండి. ఎరుపు అరగంటలో తగ్గకపోతే మానే వరకు స్వారీ ఆపండి. ఒక్క పుండు మూడు నెలల శిక్షణని మింగేస్తుంది.

9. సహాయక పరికరాలు, ఎండ

వేళ్లతో పట్టు లేకపోతే ఉంగరాల్లాంటి పట్టీలున్న పగ్గాలు. ఒక చేయే ఉంటే రెండు పగ్గాలనీ కలిపే బార్. పాదం నిలవకపోతే రబ్బరు బ్యాండు వేసిన రికాబు, ముందు మూత ఉన్న సేఫ్టీ రికాబు. జీను ముందు పట్టుకునే పట్టీ. రెండు విప్‌లు. ఇవన్నీ ఆటలో ఉన్నవే, సిగ్గు పడాల్సిన పని లేదు. అయితే మీ క్లాసిఫికేషన్ (గ్రేడ్ ఇచ్చే పరీక్ష) కాగితంలో రాసినవి మాత్రమే పోటీలో వాడాలి. ఇంట్లో సొంతంగా కుట్టుకున్న పట్టీ ఎంత బాగున్నా ముందు చూపించి అనుమతి తీసుకోండి. ఒకేసారి అన్నీ పెట్టేయకండి. ఒకటి పెట్టి నాలుగు క్లాసులు చూసి, నిజంగా తేడా వస్తేనే ఉంచండి.

మన ఎండల గురించి వేరే చెప్పాలా? వెన్నుపాము దెబ్బతిన్న వాళ్లకి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే వడదెబ్బ తగులుతుంది. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటే వరకు తెల్లవారి ఆరు గంటల క్లాసు తప్ప వేరేది ఒప్పుకోకండి. మెడకి తడి తువ్వాలు, చేతికందేలా నీళ్లు. గుర్రానికి కూడా అదే ఎండ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు వైపూ చెన్నై వైపూ వానలు, తుపాన్లు. గట్టిగా శిక్షణ చేయాలంటే జనవరి నుంచి మార్చి మంచి కాలం, కానీ ఇంటర్ పరీక్షలు కూడా అప్పుడే. ఏడాది ముందే క్యాలెండర్ పెట్టుకుని కూర్చోండి.

10. క్లాసిఫికేషన్, రిజిస్ట్రేషన్, మందులు

దేశంలో ఈ ఆటని చూసేది ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. అందులో రైడర్‌గా నమోదు కావాలి. పారా క్లాసిఫికేషన్ గురించి, పారా విభాగం ఉండే పోటీల గురించి వాళ్లకే ఈమెయిల్ రాసి అడగండి. ఫోన్లో విన్న మాట మీద ఆధారపడకండి. అంతర్జాతీయ పోటీకి ఎఫ్ఈఐ నమోదు కూడా ఫెడరేషన్ ద్వారానే జరుగుతుంది.

క్లాసిఫికేషన్‌లో శిక్షణ పొందిన డాక్టర్లు, ఫిజియోలు కండరాల బలం, కీళ్ల కదలిక, సమన్వయం ఒక్కొక్కటీ పరీక్షించి ప్రొఫైల్ ఇస్తారు. దాన్నిబట్టి గ్రేడ్ వస్తుంది. ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు చేయండి. కింది గ్రేడ్ వస్తే తేలికని తక్కువ చేసి చూపించడం పట్టుబడితే నిషేధం పడుతుంది. "మావాడు ఇంకా బాగా చేయగలడు" అని గొప్పకి పోయి ఒళ్లు విరుచుకునేలా చేయించడమూ తప్పే, పై గ్రేడ్‌లో పడి ఏళ్ల తరబడి ఇబ్బంది పడతారు. వయసుతో పాటు మారే జబ్బయితే మళ్లీ పరీక్షకి పిలుస్తారు, పాత రికార్డులు పారేయకండి.

మందుల జాగ్రత్త ఇప్పటి నుంచే. స్టెరాయిడ్ మాత్రలు, ఒంట్లో నీరు లాగేసే మాత్రలు నిషేధిత జాబితాలో ఉంటాయి. డాక్టర్ రాసిన మందే అయినా అవసరమైతే ముందుగా మినహాయింపు తీసుకోవాలి. దానికి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర పొట్లంలో కట్టి ఇచ్చే మాత్రలు, పేరు తెలియని నాటు పొడులు పూర్తిగా మానేయండి. అందులో ఏముందో ఇచ్చినవాళ్లకే తెలియదు. గుర్రాలకీ డోప్ టెస్టు ఉంటుంది.

11. మొదటి టెస్టు

దగ్గర్లో పారా క్లాసు లేకపోతే ఆగిపోకండి. క్లబ్బు స్థాయి పోటీల్లో మామూలు ప్రారంభ క్లాసులో, మీ పరికరాలతో పాల్గొనే అవకాశం ఇవ్వమని ముందే రాతపూర్వకంగా అడగండి. అదీ కుదరకపోతే వీడియో పంపితే జడ్జి మార్కులు వేసి పంపే ఆన్‌లైన్ పోటీలు విదేశాల్లో ఉన్నాయి, వాటిలో పారా టెస్టులు కూడా ఉంటాయి. ఫోను సి దగ్గర స్టాండు మీద నిలబెట్టి, మధ్యలో ఎక్కడా కట్ చేయకుండా తీయాలి.

ముందు రోజు ప్రయాణం చేసి రాత్రి అక్కడే ఉండండి. తెల్లారుజామున రైలు దిగి నేరుగా గుర్రం ఎక్కితే బిగుసుకున్న కండరాలు వదలవు. అలవాటైన మందులు అలవాటైన వేళకే. టెన్షన్‌లో పగ్గాలు బిగపడతారు, అది అందరికీ జరిగేదే. అరీనా బయట తిరిగేటప్పుడు తకధిమి గట్టిగా పలకండి, ఊపిరి దానంతటదే సర్దుకుంటుంది. దారి తప్పితే జడ్జి గంట కొడతారు. మార్కులు కొన్ని పోతాయి, అంతే. గంట వినగానే ఆగి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పించుకుని కొనసాగండి. మళ్లీ మళ్లీ తప్పితేనే బయటికి పంపుతారు.

12. మార్కుల షీటు చదవడం

శాతం చూసి షీటు మడిచి పెట్టేయకండి. మొత్తం 200కి 126 వస్తే 63 శాతం, మొదటిసారికి చాలా మంచిది. అయితే అసలు విషయం ఒక్కో గీతలో ఉంటుంది. కొన్ని కదలికల మార్కుని రెండుతో గుణిస్తారు, ఏవి అలాంటివో గుర్తు పెట్టుకోండి. 6 అంటే సంతృప్తికరం, 7 అంటే బాగానే ఉంది, 4 అంటే చాలదు.

5 కన్నా తక్కువ వచ్చిన గీతలన్నిటికీ రంగు పెన్ను పూయండి. వాటి పక్కన జడ్జి రాసిన మాట, అదే క్షణం వీడియో, రెండూ కలిపి చూడండి. ఎక్స్ దగ్గర ఆగడంలోనే మూడు టెస్టుల్లోనూ 4 వస్తుంటే వచ్చే నెలంతా ఆగడం మీదే పని. తిన్నగా రావడంలో పోతుంటే మళ్లీ బల్ల, గుండుదారం దగ్గరికి వెళ్లండి. ఒక టెస్టుకీ ఇంకో టెస్టుకీ మొత్తం శాతాన్ని పోల్చకండి, జడ్జి మారితే అది మారుతుంది. ఒకే కదలికకి వచ్చిన మార్కుని వరుసగా నోటు పుస్తకంలో రాసుకుంటూ పోండి. కోచ్‌తో కూర్చున్నప్పుడు ముందు తెరవాల్సింది ఆ పుస్తకమే. "ఎప్పుడు నేషనల్స్‌కి వెళ్తాం?" అనే ప్రశ్న దాని తర్వాతే అడగండి.